ఒకే మూలకి వంద షటిల్స్

జూన్ 7, 2025, శనివారం

మే 30న రివ్యూ మీటింగులో నా గొంతు పోయింది. జలుబు చేసి కాదు.

జీడిమెట్లలో అట్టపెట్టెలు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో పదకొండేళ్లుగా అకౌంట్స్ చూస్తున్నాను. ఏప్రిల్‌లో మా సీనియర్ రిటైరయ్యారు. దాంతో నెలనెలా లెక్కలు వివరించే పని నా మెడకి చుట్టుకుంది. ప్రతి నెలా చివరి శుక్రవారం, ఎనిమిది మంది ముందు, ఇరవై నిమిషాలు. ఆ రోజు మూడో స్లైడు దగ్గర డైరెక్టర్ గారు ఆపారు. "క్రాఫ్ట్ పేపర్ ఖర్చు పెరిగిందన్నారు కదా, రేటు వల్లా, వేస్టేజీ వల్లా?" అని అడిగారు. జవాబు నాకు తెలుసు. ఆ షీటు చేసిందే నేను. నోరు తెరిస్తే మాత్రం "అంటే సార్... అది... రెండూ కలిపి..." అని ఏదో వచ్చింది. పక్కనున్న స్టోర్స్ మేనేజర్ గారు అందుకుని, మొత్తం రేటు వల్లే అని చెప్పేశారు. ఆయన చెప్పింది తప్పు. తప్పని కూడా అనలేకపోయాను.

దానికి ముందు రోజే మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజీ కొరియాలోని గుమిలో 100 మీటర్ల హర్డిల్స్‌లో ఆసియా స్వర్ణం నిలబెట్టుకుంది, 12.96 సెకన్లలో. మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఆ వీడియో కింద ఎవరో "సంకల్పం ఉంటే సాధ్యం కానిది లేదు" అని పెట్టారు. ఒళ్ళు మండింది. సంకల్పం నాకూ ఉంది, మాట రాకపోవడమే నా బాధ. హర్డిల్‌కీ హర్డిల్‌కీ మధ్య ఎనిమిదిన్నర మీటర్లు, అందులో సరిగ్గా మూడంటే మూడు అడుగులు. ఆ మూడు అడుగులు కుదరడానికి ఆ అమ్మాయి ఎన్ని వేలసార్లు పరిగెత్తి ఉంటుందో ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

అందుకని ఇది మొదలుపెడుతున్నాను. పన్నెండు వారాలు, మూడు రివ్యూలు: జూన్ 27, జూలై 25, ఆగస్టు 29. పెద్ద ఆటగాళ్లు ఎలా సాధన చేస్తారో వెతికి, నా పనికి పనికొచ్చేది తీసుకుని, చేసి చూడటం. ఎలా ఆలోచిస్తారు అన్నది నాకొద్దు, ఏం చేస్తారు అన్నది కావాలి. కిప్చోగే మారథాన్‌ని రెండు గంటల్లోపు పూర్తిచేసిన మనిషి (2019, వియన్నా, 1:59:40). ఆయన కూడా ప్రతి రోజు సాధన చేత్తో నోటుపుస్తకంలో రాసుకుంటాడట. కాబట్టి నాకూ ఒక నోటుపుస్తకం. మా అమ్మాయి ఆరో తరగతి సైన్సు పుస్తకంలో సగం కాగితాలు ఖాళీగా ఉన్నాయి, అదే తీసుకున్నాను. రోజుకి మూడు వరుసలు: ఏం చేశాను, ఎక్కడ తప్పాను, రేపేం మార్చాలి.

జూన్ 14, శనివారం

మొదటి వారం గోవిందా.

నేనూ అందరిలాగే తెల్లవారుజాము దగ్గర మొదలుపెట్టాను. గచ్చిబౌలిలో గోపీచంద్ బ్యాడ్మింటన్ అకాడమీలో నాలుగున్నరకే సాధన మొదలవుతుందని చదివాను. సింధు చిన్నప్పుడు మారేడుపల్లి నుంచి రోజుకి 56 కిలోమీటర్లు తిరిగి కోచింగుకి టైముకి చేరేదని కూడా చదివాను. ఇంకేం, నాలుగింటికి అలారం. సోమ, మంగళ, బుధ లేచాను. లేచి ఏం చెయ్యాలో తెలియక స్లైడ్లు ముందేసుకుని టీ తాగాను.

గురువారం బ్యాంకు రీకన్సిలియేషన్‌లో, అంటే బ్యాంకు లెక్కతో మా లెక్క సరిచూస్తుంటే, 18,000 తేడా. తేడా తొమ్మిదితో నిశ్శేషంగా పోతే అంకెలు తారుమారై ఉండొచ్చని మా సీనియర్ మొదటి నెలలోనే నేర్పారు. వెతికితే దొరికింది: 86,400 కి బదులు 68,400 కొట్టాను. బుధవారం మధ్యాహ్నం, మూడు గంటలప్పుడు, నిద్ర కళ్ళతో.

ఆ పిల్లలు నాలుగింటికి లేస్తారంటే రాత్రి తొమ్మిదికల్లా పడుకుంటారు, మధ్యాహ్నం ఇంకో కునుకు తీస్తారు. పడుకోవడం కూడా వాళ్ల పనిలో భాగమే. నేను పదకొండున్నరకి గిన్నెలు తోమి పడుకుని, వాళ్ల అలారం ఒక్కటీ అప్పు తెచ్చుకున్నాను. పొద్దున్నే లేవడం చెప్పుకోవడానికి బాగుంటుంది, అందుకే అందరం అదే పట్టుకుంటాం అనుకుంటాను. అలారం మళ్ళీ ఐదున్నరకి మార్చేశాను.

జూన్ 18, బుధవారం

ఇది పనిచేసేలా ఉంది.

సింధు మొదట్లో కోర్టులో నోరు విప్పేది కాదట. పాయింటు గెలిచినా అరుపు లేదు, దూకుడు లేదు. గోపీచంద్ ఆమెని కోర్టు మధ్యలో నిలబెట్టి, తోటి ఆటగాళ్లూ కోచ్‌లూ అందరూ చూస్తుండగా గట్టిగా అరవమన్నారట. అరిచేదాకా రాకెట్ ముట్టుకోవద్దన్నారట. ఆ పిల్ల ఏడ్చిందనీ, ఆయన పట్టు వదల్లేదనీ రియో ఒలింపిక్స్ తర్వాత వచ్చిన కథనాల్లో చదివాను. మొదట చదివినప్పుడు పాపం అనిపించింది. మళ్ళీ చదివితే విషయం అర్థమైంది. ధైర్యం వచ్చాక అరువు అని ఆయన అనలేదు. ముందు అరువు అన్నారు.

నా గొంతు మీటింగులో ఎందుకు సన్నబడుతుందో ఇంతకాలం ఆత్మవిశ్వాసం అనే పెద్ద మాటతో సరిపెట్టుకున్నాను. నిజానికి నేను గట్టిగా మాట్లాడిందెప్పుడు? ఇంట్లో పిల్ల మీద కేకలెయ్యడం తప్ప, నిలబడి పెద్దగా ఒక పేరా చదివి ఇరవై ఏళ్లు దాటింది.

సోమవారం నుంచి పొద్దున డాబా ఎక్కి, నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి, మే నెల ఫలితాలు పైకి చదువుతున్నాను. "అమ్మకాలు ఒక కోటి ఎనభై రెండు లక్షలు, బడ్జెట్ కంటే ఆరు లక్షలు తక్కువ." మొదటి రోజు నా గొంతు నాకే వినపడలేదు. రెండో రోజు పిట్టగోడ అవతల మొక్కలకి నీళ్లు పోస్తున్న పక్కింటి పిన్నిగారు పైపు ఆపి, "ఏమ్మా, ఎవరైనా డబ్బులు ఎగ్గొట్టారా?" అన్నారు. లేదండీ, ప్రాక్టీసు అన్నాను. "అయితే ఇంకాస్త గట్టిగా చదువు, నాకు సగమే వినపడింది" అన్నారు. ఈ రోజు ఆవిడ కుర్చీ కూడా వేసుకుని కూర్చున్నారు.

జూన్ 22, ఆదివారం

మా అమ్మాయి ఏడాదిగా మా కాలనీ చివర రేకుల షెడ్డులో బ్యాడ్మింటన్ నేర్చుకుంటోంది. దాన్ని దింపి కూరగాయలకి పోవడమే తప్ప ఎప్పుడూ కూర్చుని చూడలేదు. ఈ రోజు గంటన్నర బెంచీ మీద కూర్చున్నాను.

మొదటి అరగంట షటిలే లేదు. షాడో అంటారు. నెట్ దగ్గర రెండు మూలలు, పక్కల రెండు, వెనక రెండు. కోచ్ వేలు చూపించిన మూలకి పరిగెత్తి, ఉత్త గాలిని కొట్టి, మళ్ళీ మధ్యకి రావాలి. చూడ్డానికి ఎవరో కనపడని దోమల్ని తరుముతున్నట్టుంటుంది.

తర్వాత మల్టీ షటిల్. కోచ్ నెట్ అవతల నిలబడ్డారు. పక్కన కుర్చీలో అట్టపెట్టె నిండా పాత షటిల్స్, ఈకలు విరిగినవి. (పెట్టె మా కంపెనీది కాదు, చూశాను.) ఎడమ చేతి మీద షటిల్స్ ఒకదాంట్లో ఒకటి గుచ్చి మోచేతి దాకా పేర్చుకుని, ఒక్కొక్కటే తీసి కొడుతున్నారు. అన్నీ ఒకే చోటికి: మా అమ్మాయి బ్యాక్‌హ్యాండ్ వైపు వెనక మూలకి. ఇరవై అయ్యాక ఒక నిమిషం విరామం. మళ్ళీ ఇరవై. ఐదు సెట్లు, మొత్తం వంద. మొదటి ఇరవైలో మా పిల్ల తొమ్మిది నెట్‌కి కొట్టింది. నాలుగో సెట్టులో జుట్టంతా మొహానికి అతుక్కుపోయి, షూ కీచుమంటూ, అవతలి గీత దాకా పంపడం మొదలుపెట్టింది. చుట్టూ తెల్లగా ఈకలు.

"పాపకి ఫోర్‌హ్యాండ్ బాగుంది కదా సార్, అది ఇంకా బాగా చేయించొచ్చుగా" అన్నాను. ఆయన నీళ్లు తాగుతూ, "బాగున్నది ఎవరైనా ఇష్టంగా ఆడతారు మేడం. మ్యాచ్‌లో అవతలివాళ్లు రెండు పాయింట్లలో ఈ మూల కనిపెడతారు. తర్వాత అన్నీ ఇక్కడికే వస్తాయి" అన్నారు.

ఇంటికొస్తూ దారంతా అదే ఆలోచన. నేను రెండు వారాలుగా ఏం చేస్తున్నాను? మొదటి రెండు స్లైడ్లు అద్దంలా చదువుతున్నాను. అవి నా ఫోర్‌హ్యాండ్. నా వెనక మూల ప్రశ్న.

రాత్రి నలభై ప్రశ్నలు చీటీల మీద రాసి హార్లిక్స్ డబ్బాలో వేశాను. వసూలు కాని బాకీల్లో తొంభై రోజులు దాటినవెన్ని? డీజిల్ ఎందుకు పెరిగింది? పోయిన నెల అన్న ప్రొవిజన్ (రాబోయే ఖర్చుకి ముందే పక్కన చూపించే మొత్తం) ఈ నెల ఎందుకు లేదు? మా ఆయన చీటీ తీసి చదవాలి, ఐదు సెకన్లలో నేను మొదలుపెట్టాలి, ముప్ఫై సెకన్లలో ముగించాలి. ఇరవైకి ఏడు సరిగ్గా వచ్చాయి. మధ్యలో ఆయన సొంత చీటీ ఒకటి కలిపారు: "ఆవకాయ జాడీ ఇంత తొందరగా ఎందుకు ఖాళీ అయింది, రేటు వల్లా, వేస్టేజీ వల్లా?" దానికి మాత్రం టక్కున చెప్పాను.

జూన్ 27, శుక్రవారం

మొదటి రివ్యూ. గొంతు వినపడింది, చివర కూర్చున్న ప్రొడక్షన్ ఆయన కూడా తలెత్తారు. నాలుగు ప్రశ్నలొచ్చాయి. రెండింటికి బాగా చెప్పాను, ఒకటి నీళ్లు నమిలాను, ఒకటి అడిగింది ఒకటైతే చెప్పింది ఇంకొకటి.

మీటింగులో ఫోను టేబుల్ మీద పెట్టి, అడిగే రికార్డు చేశాను. ఆటగాళ్లు తమ మ్యాచ్ వీడియోలు పెట్టుకుని చూస్తారు కదా. రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. సొంత గొంతు వినడం ఎంత హింసో ఎవరూ ముందే చెప్పరు. ఇరవై రెండు నిమిషాల్లో "అంటే" అని 31 సార్లు అన్నాను. ఇంకొకటి కనిపెట్టాను: ప్రశ్న పూర్తి కాకముందే జవాబు మొదలుపెడుతున్నాను. భయం కాదది, తొందర. ఇన్నాళ్లూ రెండూ ఒకటే అనుకున్నాను.

జూలై 5, శనివారం

క్వార్టర్ క్లోజింగ్. డాబా లేదు, చీటీలు లేవు. 7వ తేదీలోపు టీడీఎస్ కట్టాలి, 11లోపు జీఎస్టీ అమ్మకాల రిటర్ను, ఇవి కాక మూడు నెలల స్టాకు లెక్క.

ఈ వారం పనికొచ్చింది లక్ష్మణ్. 2001 మార్చి 14, ఈడెన్ గార్డెన్స్. ఫాలో ఆన్ ఆడుతూ 254/4 దగ్గర పొద్దున్న మొదలుపెట్టి, సాయంత్రానికి 589/4. లక్ష్మణ్, ద్రవిడ్, రోజంతా 90 ఓవర్లు, ఒక్క వికెట్ పడలేదు. లక్ష్మణ్‌కి నడుం నొప్పి, ద్రవిడ్‌కి జ్వరం. మా నాన్న ఆ రోజు సెలవు పెట్టకుండా ఆఫీసులో రేడియో విన్నానని ఇప్పటికీ చెప్తుంటారు, ఆయన ఆఫీసులో ఆ రోజు ఎవరూ పని చేసినట్టు లేదు. టెస్టు రోజుని మూడు సెషన్లుగా ఆడతారు. లంచ్ దాకా ఒకటి, టీ దాకా ఒకటి, ఆట ముగిసేదాకా ఒకటి. 281 కొట్టాలని పొద్దున ఎవడూ క్రీజులోకి దిగడు.

క్లోజింగ్ రోజుల్లో నేను చేసే తప్పు, పొద్దున తొమ్మిదిన్నరకే రాత్రి ఎన్నింటికి తెములుతుందో అని లెక్కపెట్టుకోవడం. ఈసారి స్కోరుబోర్డులా ఒక కాగితం అంటించాను. మొదటి సెషన్ బ్యాంకులు మాత్రమే, రెండోది స్టాకు, మూడోది ప్రొవిజన్లు. లంచ్‌కి నలభై నిమిషాలు, టెస్టు మ్యాచ్‌లో లాగే, కుర్చీ వదిలి లేచి. గురువారం స్టాకులో ఒక వికెట్ పడింది (రెండు పేపర్ రీళ్లు రెండుసార్లు లెక్కేశారు). అయినా ఏడున్నరకి ఇంట్లో ఉన్నాను. పోయిన క్వార్టర్‌లో తొమ్మిదిన్నర.

జూలై 13, ఆదివారం

ఈ వారం ఏమీ చెయ్యలేదు, కావాలనే. మూడు వారాలు బరువు పెంచి, నాలుగో వారం తగ్గించడం శిక్షణలో మామూలు పద్ధతి. ఈ రోజు లష్కర్ బోనాలు. మా ఆడపడుచు వాళ్లింటికి సికింద్రాబాద్ వెళ్లొచ్చాం. నోటుపుస్తకంలో "విశ్రాంతి" అని రాసుకున్నా లోపల ఎందుకో దొంగతనం చేసినట్టుంది.

జూలై 25, శుక్రవారం

దారుణం.

ఈసారి కొత్త మనిషి వచ్చారు, బయటి కన్సల్టెంటు. నా చీటీల్లో లేని ప్రశ్న అడిగారు: పెద్ద కస్టమర్లు ఐదుగురిలో ఎవరి దగ్గర మార్జిన్ ఎంత? ఆ వివరం మేం ఎప్పుడూ విడదీయలేదు. తెలియదు అని ఒక్క ముక్క అంటే అయిపోయేది. ఊహించి ఒక అంకె చెప్పాను. ఆయన కాలిక్యులేటర్ తీశారు. తర్వాత పది నిమిషాలు నేను ఏం చెప్పానో రికార్డు విన్నా నాకే తెలియలేదు. ఎందుకంటే నా బుర్ర ఆ తప్పుడు అంకె దగ్గరే ఉండిపోయింది.

రాత్రి మా అమ్మాయి పక్కన కూర్చుని, ఓదార్పుగా సింధు ఫైనల్స్ లెక్క చెప్పింది. అది దానికి కంఠతా. 2016 రియోలో మారిన్ మీద మొదటి గేమ్ గెలిచి ఓడింది. 2017 గ్లాస్గోలో ఒకుహారా మీద 110 నిమిషాలు ఆడి, మూడో గేమ్ 20-22. 2018 ప్రపంచ పోటీల్లో మళ్ళీ మారిన్. అదే ఏడాది కామన్వెల్త్‌లో రజతం, ఆసియా క్రీడల్లో రజతం. 2019 బాసెల్‌లో అదే ఒకుహారా మీద 21-7, 21-7.

"చూశావా అమ్మా, ఓడీ ఓడీ గెలిచింది" అంది. నాకు ఆ ముక్క నచ్చలేదు. ఓడిపోయినవాళ్లు లోకంలో కోట్లమంది, అందరికీ బాసెల్ రాదు. ఆ ఏడాది కొరియా నుంచి కిమ్ జీ హ్యున్ అనే కోచ్ వచ్చి సింధుతో పనిచేసింది. పద్ధతిలో ఏదో ఒకటి మారింది. మారకపోతే ఇంకో రజతమే వచ్చేది. నేనేం మార్చాలి అన్నది ఈ రాత్రి తేలదు. ఫోను బియ్యం డబ్బాలో పెట్టి పడుకుంటున్నాను. (రియోకి ముందు గోపీచంద్ సింధు ఫోను మూడు నెలలు తీసేసుకున్నారని చదివినప్పటి నుంచి తొమ్మిది దాటితే అందులోనే. ఒకసారి మా అత్తగారు ఏడుసార్లు ఫోన్ చేసి, ఎత్తలేదని కంగారుపడి మా ఆయనకి చేశారు. ఆ ఒక్క నంబరుకి మినహాయింపు ఇవ్వక తప్పలేదు, కాబట్టి ఆయన ఫోను బయట.)

ఆగస్టు 6, బుధవారం

దొరికింది. మళ్ళీ ఆ షెడ్డులోనే.

ఆదివారం మా అమ్మాయి మంచి డ్రాప్ (నెట్ దాటగానే మెల్లగా పడే షాట్) వేసింది. వేసి, అది ఎంత అందంగా పడుతుందో చూస్తూ నిలబడింది. అవతలి పిల్ల దాన్ని ఎలాగో ఎత్తి రెండో మూలకి పంపింది, మా పిల్ల కదిలేలోగా పడిపోయింది. కోచ్ కేకేశారు: "కొట్టి చూస్తూ నిలబడకు! మంచిదైనా చెడ్డదైనా, కొట్టు, సెంటర్‌కి రా!"

షాడోలో ఆ దోమల ఆట ఎందుకో అప్పుడు తెలిసింది. మూలకి పోవడం నేర్పడానికి మాత్రమే కాదు, ప్రతిసారీ మధ్యకి తిరిగి రావడం నేర్పడానికి. నేను ఆరు వారాలు మూలకి పరిగెత్తడం ఒక్కటే నేర్చుకున్నాను. మంచి జవాబు చెప్తే ఆ ఆనందంలో, చెడ్డ జవాబు చెప్తే ఆ బాధలో, అక్కడే నిలబడిపోతున్నాను.

నాకు సెంటర్ అంటే ఏంటి? రెండు రోజులు తంటాలు పడి ఒకటి కుదుర్చుకున్నాను. జవాబు అయిపోగానే కుడి చెయ్యి టేబుల్ మీద పెట్టి, ఒక ఊపిరి తీసుకుని, తెర మీదున్న స్లైడు పేరు చదవడం, మాకు బాకీ ఉన్న కస్టమర్ల స్లైడైతే: "డెబ్టర్స్." అంతే. చీటీల ఆటలో కూడా రూలు మార్చాం. డబ్బాలో పది చీటీలు నాకు కచ్చితంగా తెలియనివి, మా ఆయనే రాశారు. వాటికి జవాబు ఒక్కటే: తెలియదు, ఫలానా టైముకి ఇస్తాను, సెంటర్. మొదటి రోజు "తెలియదు" అనడానికి ఎంత కష్టపడ్డానో చూసి ఆయనకి నవ్వాగలేదు. పెళ్లయిన పధ్నాలుగేళ్లలో ఆ మాట నా నోట వినలేదట.

ఆగస్టు 17, ఆదివారం

ఇరవైకి పదహారు. "అంటే" తగ్గింది. పిన్నిగారికి మా కంపెనీ డీజిల్ ఖర్చు నాకంటే బాగా తెలుసు.

ఆగస్టు 28, గురువారం

పోటీ దగ్గరపడే కొద్దీ సాధన తగ్గిస్తారు, దాన్ని టేపర్ అంటారు. నా టేపర్ నేను ప్లాను చేసింది కాదు, వినాయకుడు చేయించాడు. నిన్న చవితి. మా సందు మొదట్లో మండపం, మైకు సరిగ్గా మా డాబా వైపు. పొద్దున ఐదున్నరకే పాటలు, నా డెబ్టర్స్ ఎవరికి వినపడతాయి? రెండు రోజులుగా రోజుకి ఐదు చీటీలు, అంతే.

ఈ రోజు పారిస్‌లో ప్రపంచ పోటీలు. సింధు ప్రీ క్వార్టర్స్‌లో ప్రపంచ రెండో ర్యాంకు వాంగ్ జీయీని 21-19, 21-15 తో కొట్టింది. ముప్ఫై ఏళ్లు, ఈ ఏడాది ఎన్ని మొదటి రౌండ్లలో పోయిందో. స్కోరు చూసి మా అమ్మాయి మంచం మీద గెంతింది. నేను తర్వాత హైలైట్స్‌లో వేరే సంగతి చూశాను. పాయింటు పోయినా వచ్చినా ఆవిడ పాదాలు ఎక్కడికి వెళ్తున్నాయి అని.

ఆగస్టు 29, శుక్రవారం

ఐదు ప్రశ్నలు.

మొదటిది ఈజీ. రెండోది పేపర్. ఖర్చు 4 లక్షల 10 వేలు పెరిగింది, రేటు వల్లే అని స్టోర్స్ మేనేజర్ గారు మళ్ళీ అందుకున్నారు. "ఒక్క నిమిషం అండీ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "రేటు వల్ల 2 లక్షల 90 వేలు. మిగతా లక్షా ఇరవై వేలు వేస్టేజీ, అది ఎక్కువగా రెండో మిషన్ మీద." గదిలో ఎవరూ మాట్లాడలేదు. ఆయన ఏమీ అనలేదు, పెన్ను తీసి రాసుకున్నారు. నాకు అక్కడే ఆగిపోయి ఆ నిశ్శబ్దాన్ని ఇంకాస్త చూడాలనిపించింది. చెయ్యి టేబుల్ మీద. ఊపిరి. "డెబ్టర్స్."

నాలుగో ప్రశ్న డైరెక్టర్ గారిది. టన్నుకి కరెంటు ఖర్చు పోయిన ఏడాది ఇదే నెలలో ఎంత? "ఆ అంకె ఇప్పుడు నా దగ్గర లేదు సార్. సోమవారం మధ్యాహ్నంలోపు పంపిస్తాను." ఆయన "సరే" అన్నారు. అంతే, ఒక్క "సరే". మే నుంచి నేను భయపడింది దీనికేనా అనిపించింది. ఐదోదానికి మాత్రం మళ్ళీ తొందరపడి సగం ప్రశ్నకే జవాబిచ్చాను. ఆయన "నేనడిగింది అది కాదమ్మా" అని మళ్ళీ అడగాల్సి వచ్చింది.

"అంటే": 6.

ఆగస్టు 30, శనివారం

సింధు నిన్న క్వార్టర్స్‌లో ఇండొనేషియా అమ్మాయి పుత్రి కుసుమ వర్దాని చేతిలో మూడు గేముల్లో ఓడిపోయింది. 14-21, 21-13, 16-21. మా అమ్మాయి పొద్దున ఇడ్లీ ముందు మొహం మాడ్చుకుని కూర్చుంది. ఎనిమిదిన్నరకి మాత్రం బ్యాగు తగిలించుకుని, "లేటవుతోంది, దింపుతావా లేదా" అని గుమ్మంలో నిలబడింది.

దింపి వచ్చాను. సైన్సు పుస్తకంలో ఇంకా పదకొండు కాగితాలు మిగిలాయి. కరెంటు చీటీ రాసి హార్లిక్స్ డబ్బాలో వేశాను. పోయిన ఏడాది ఆగస్టు బిల్లు స్టోర్స్ ఫైల్లో ఉండాలి, సోమవారం వెళ్లగానే ఆ మేనేజర్ గారినే అడగాలి.